పిడికి అంటని నూనె

బుధవారం. ఉదయం పదకొండు ముప్పై రెండు.

బందరు రాజుపేటలో అద్దె ఇల్లు. వంటగది పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. ముగ్గురు పోలీసులు నిలబడటానికే చోటు లేదు. నాలుగో మనిషి గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. ఆమె ఇక లేవదు.

పేరు షీబా. పాతికేళ్ళు. పసుపు రంగు నైటీ, భుజం మీద తువ్వాలు. ఎడమ మోచేతి మడతలో ఒకే ఒక గాయం. చూడటానికి చిన్నదే. అందులోంచి పారిన నెత్తురు మాత్రం గడప దాకా వచ్చి ఆగింది.

ఎస్సై నీలోఫర్ గడప ఇవతలే నిలబడి ఒక్కొక్కటీ చూసుకుంది.

స్టవ్ మీద కుక్కర్. ఇంకా గోరువెచ్చగానే ఉంది. నేల మీద పెద్ద కంద ముక్క. దాని మీద నలిగినట్టున్న ఒక గాటు. సగం లోతు కూడా దిగలేదు. పక్కన గిన్నెలో నూనె. రెండడుగుల అవతల చాకు. నల్ల ప్లాస్టిక్ పిడి, అయిదంగుళాల అలుగు. అలుగు నెత్తుట్లో తడిసింది. పిడి పొడిగా ఉంది.

షీబా అరచేతులు రెండూ మెరుస్తున్నాయి.

"కందకని నూనె రాసుకుంది మేడమ్, దురద పుట్టకుండా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ శోభనాద్రి. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. "మా ఆవిడైతే చింతపండు రాసుకుంటుంది. నూనె జారుతుందని దాని పొడ గిట్టదు."

క్లూస్ టీమ్ కుర్రవాడు చేతికి గ్లవ్స్ వేసుకుని చాకు ఎత్తాడు. పిడి మీద దూదితో అద్ది చూశాడు.

"నూనె లేదు సార్. ఒక్క చుక్క కూడా."

ఆ మాట సీఐ నాగేంద్రబాబుతో. సీఐ తల ఊపాడు. ఆయనకి ఏదైనా ఒకసారి తట్టిందంటే ఇక వదలదు.

"చూశారా నీలోఫర్ గారూ. ఆమె రెండు చేతుల నిండా నూనె. ఈ చాకు ఆమె పట్టుకునుంటే పిడి జిడ్డోడుతూ ఉండాలి. లేదు. అంటే చాకు పట్టుకున్న చెయ్యి ఇంకోటి." చుట్టూ చూశాడు. "మొగుడెక్కడ?"

ముందు గదిలో పసిపిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. పదమూడు నెలల పాప, కృపాకుమారి. పక్కింటావిడ భుజాన వేసుకుని అటూ ఇటూ తిప్పుతోంది. పాప కుడి చూపుడు వేలి మీద సన్నని గీత, ఈమధ్యే మానిన గాయం. నీలోఫర్ దాన్నీ చూసింది. చూసి ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

పన్నెండూ పది. పక్కింటావిడ మహాలక్ష్మి అరుగు మీద కూర్చుంది. పిల్లని దించలేదు.

"మీరెన్నింటికి చూశారు?"

"పదకొండూ పదికండీ. పిల్ల ఒకటే ఏడుపు. ఏమ్మా షీబా, దాన్నలా వదిలేశావేంటని గోడవతల నుంచి కేకేశాను. పలకలేదు. తలుపు దగ్గరగా వేసుందంతే."

"అంతకుముందు ఎప్పుడు కనపడింది?"

"పదిన్నర లోపేనండీ. సాన పట్టే అజీజ్ గారు సైకిలేసుకొచ్చారు. ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి ఫోన్ మాట్లాడింది. తర్వాత ఇప్పుడు కాదులే బాబాయ్ అని పంపేసింది."

"ఫోన్ ఎవరికి?"

"వాళ్ళాయనకే అయ్యుంటుంది. ఆ పిల్లకి ఇంకెవరున్నారు చెయ్యడానికి. గుడివాడలో హాస్టల్లో పెరిగింది. అమ్మా నాన్నా లేరు."

"కంద ఎక్కడిది?"

మహాలక్ష్మి మొహం అటు తిప్పుకుంది. "మా పెరట్లోదేనండీ. ముక్క కోసి నేనే ఇచ్చాను. వండుకోమని."

"పొద్దున ఏమైనా గొడవైందా?"

మహాలక్ష్మి పిల్లని ఇంకో భుజానికి మార్చుకుంది.

"మహాలక్ష్మి గారూ."

"చెప్తే ఆ అబ్బాయికి ఏమవుద్దోనని."

"చెప్పకపోతే?"

ఆవిడ పిల్ల వీపు నిమిరింది. "ఎనిమిదింటికండీ. గట్టిగా అరిచాడు. ఆ కత్తి జోలికెళ్ళావంటే నేనేం చేస్తానో నాకే తెలీదు, అన్నాడు. రెండేళ్ళ నుంచి పక్కనే ఉన్నాను. ఆ అబ్బాయి గొంతు గోడ దాటి రావడం అదే మొదలు."

వెనక నుంచి సీఐ గొంతు వినిపించింది. "అది ఉన్నదున్నట్టు రాసుకోండి."

షీబా భర్త ఎలీషాకి ఇరవై తొమ్మిదేళ్ళు. ఒక షెడ్డులో రోల్డ్ గోల్డ్ నగలకి పాలిష్ పట్టే పని. వేళ్ళ సందుల్లో నల్లటి పాలిష్ పొడి పేరుకుని ఉంటుంది, ఎంత కడిగినా పోదు. సాయంత్రం నాలుగూ పదికి స్టేషన్లో బల్లకి ఇవతల కూర్చున్నాడు. ఏడవడం లేదు. ఏడుపు ఇంకా మనిషి దాకా రానట్టుంది.

సీఐ కాల్ లిస్టు ముందుకి తోశాడు. "పది ఇరవై నాలుగు. ముప్పై ఎనిమిది సెకన్లు. ఏం మాట్లాడింది?"

"సాన మనిషి వచ్చాడు, కత్తి ఇవ్వనా, అందండి."

"నువ్వేమన్నావ్?"

"వద్దన్నాను."

"ఎందుకు?"

"పిల్లుంది కదండీ."

"పిల్లుంటే సాన పట్టించకూడదా? పొద్దున గొడవ కూడా దాని గురించేనా?"

"అవునండి. అది తెగట్లేదు, పట్టిస్తానంది. నేను వద్దని చేతిలోంచి లాక్కుని పక్కన పెట్టాను."

"పదిన్నర నుంచి పదీ యాభై అయిదు దాకా నువ్వు షెడ్డులో లేవు. ఎక్కడున్నావ్?"

"గడియ కొందామని హార్డ్‌వేర్ షాపుకెళ్ళానండి. వంటింటి తలుపుకి బిగిద్దామని. పాప పాక్కుంటా లోపలికెళ్ళిపోతోంది. షాపు మూసుంది. తెరుస్తారేమోనని కాసేపు నిలబడి వచ్చేశాను."

"నిన్ను చూసినవాళ్ళు?"

"ఎవరూ లేరండి."

షెడ్డు నుంచి ఇంటికి బండి మీద ఆరు నిమిషాలు. పోను రాను పన్నెండు. సీఐ ఆ అంకె కాగితం మీద రాసి కింద గీత కొట్టాడు.

నీలోఫర్ మొదటిసారి నోరు విప్పింది. "మీ ఇంట్లో కత్తిపీట లేదేం?"

ఎలీషా తల దించుకున్నాడు. "ఉండేదండి. పులిగడ్డ వారధి మీంచి కృష్ణలో పడేశాను. రెండు వారాలైంది."

"పడేశావా?" అన్నాడు సీఐ.

"పాప వేలు తెగిందండి దాని మీద. ఇంకెవరికైనా ఇచ్చేద్దామంటే వాళ్ళింట్లోనూ పిల్లలుంటారు కదా. అందుకని. ఆ రోజే ఈ చాకు కొన్నాను."

సీఐ ఫైలు మూశాడు. వరండాలోకి వచ్చాక నీలోఫర్‌తో అన్నాడు: "పిడి మీద వీడి వేళ్ళు అద్దినట్టున్నాయి. ఆమెవి పాతవి, అలుక్కుపోయాయి. ఇంకో పక్క ఏవో గీతలున్నాయట. ఇంట్లో ఎవరి వేలికీ సరిపోవట్లేదు. మరకై ఉంటుంది. గాయం కింది నుంచి పైకి ఉందని డాక్టరు చెప్పాడు. ఒకటే పోటు. రేపు పదకొండింటికి మేజిస్ట్రేట్ ముందు పెడతాను."

"కొస పదునుగా ఉంది సార్. అంచు మాత్రం బొత్తిగా లేదు. అది నాకు అర్థం కావట్లేదు."

"పొడవడానికి కొస చాలు."

ఆ మాట నిజం.

మెట్ల మీద ఒక ముసలావిడ పాపతో కూర్చుని ఉంది. మార్తమ్మ, ఎలీషా తల్లి. కబురందగానే మోపిదేవి నుంచి బస్సెక్కి వచ్చింది. పాలసీసా పిల్ల నోట్లో పెడుతోంది. పిల్ల మొహం తిప్పేస్తోంది. చెంచాతో పోసింది. ఉమ్మేసింది. పాలంటే తల్లి పాలు తప్ప ఎరగని పిల్ల.

"అమ్మా, మావాణ్ణి ఎప్పుడు పంపుతారు?"

"రేపు తెలుస్తుందమ్మా."

"పంపకపోతే ఈ పిల్లనేం చెయ్యను? నాకు అరవై ఎనిమిది. ఒక కన్ను కనపడదు. దీనికి జొరమొస్తే మందు సీసా మీద ఏం రాసుందో చదవలేను. హాస్టల్లో వేస్తారా దీన్ని కూడా? వాళ్ళమ్మని వేసినట్టు?"

నీలోఫర్ ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. సీసా తను తీసుకుని ప్రయత్నించింది. ఆమెకీ రెండేళ్ళ కొడుకున్నాడు, ఎలా పట్టాలో తెలుసు. పిల్ల ఆమె యూనిఫాం గుండీ పట్టుకుని మరీ ఏడ్చింది. అయిదు నిమిషాల తర్వాత సీసా మార్తమ్మకే ఇచ్చేసింది.

గురువారం. ఉదయం ఏడూ నలభై. కోనేరు సెంటర్.

అజీజ్ సైకిలు స్టాండు వేసుంది. సీటు మీద కూర్చుని పెడల్ తొక్కుతుంటే ముందున్న రాయి తిరుగుతోంది. ముప్పై అయిదేళ్ళుగా అదే బతుకు. పోలీసుల్ని చూడగానే కాలు ఆగింది.

"నేనేం చెయ్యలేదు బేటీ. ఆ పిల్ల వద్దంది, నేను వెళ్ళిపోయాను. తొమ్మిది ఇళ్ళు తిరిగాను ఆ తర్వాత. ఎవర్నైనా అడుగు."

"మిమ్మల్ని పట్టుకోవడానికి రాలేదు చాచా. ఒకటి చూపించి అడుగుదామని." నీలోఫర్ ఫోన్లో చాకు ఫొటో పెద్దది చేసి చూపించింది.

అజీజ్ కళ్ళద్దాలు పైకి తోసుకుని దగ్గరగా చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది వాడకంలో అరిగింది కాదు. వాడితే నడుమ అరుగుతుంది, పిడి మొదట్లో పదును మిగులుతుంది. ఇది పిడి దగ్గర్నుంచి ఒకే తీరున పోయింది. బండ మీద నిలబెట్టి గీకారు. కొస మాత్రం ముట్టుకోలేదు."

"కావాలని ఎవరు గీకుతారు?"

"పసివాళ్ళున్న ఇళ్ళలో చేస్తారమ్మా. నా దగ్గర పట్టించుకుని వెళ్ళి, పిల్ల నడక నేర్చిందని గుమ్మానికేసి రాసినవాళ్ళున్నారు. పదును పోతే భయం పోయిందనుకుంటారు. పదునున్నదైతే ఊరికే ఆనిస్తే దిగుతుంది. ఇట్లాంటిదాని మీద మనిషి మొత్తం పడాలి. పడ్డాక అది ఎటు జారుతుందో ఎవరి చేతిలో ఉంటుంది? పదును పట్టించుకుని, పిల్లకి అందనంత ఎత్తున తగిలించుకోండమ్మా అని చెప్తూనే ఉంటాను. నేను నా బేరం కోసం చెప్తున్నాననుకుంటారు."

శోభనాద్రి నవ్వాడు. "మా ఆవిడా అదే అంటుంది మీ గురించి."

"మీ ఇంటి చాకు నాకు తెలుసు లెండి," అన్నాడు అజీజ్. సంచిలోంచి ఒక చాకు తీశాడు. "ఇదిగో. మీ ఆవిడ నిన్ననే ఇచ్చింది. ఆవిడ కత్తిపీట మనిషి."

"అదెలా తెలుసు?" అంది నీలోఫర్.

"పిడి చూడు బేటీ. ఒక్క పక్కే నున్నగా అరిగింది. చేత్తో పట్టుకుంటే అన్ని పక్కలా అరగాలి. వీళ్ళు చేత్తో పట్టరు. కత్తిపీట పోయి చాకొచ్చినా కాలు మారదు. పిడిని నేల మీద వేసి కాలితో తొక్కి పెడతారు. అలుగు పైకి లేస్తుంది. కూరని రెండు చేతుల్తో దాని మీదకి నొక్కుతారు. బందర్లో నాకొచ్చే చాకుల్లో సగం ఇంతే."

నీలోఫర్ చేతిలోని టీ గ్లాసు సైకిలు క్యారియర్ మీద పెట్టేసింది.

"శోభనాద్రి గారూ, జీపు తియ్యండి."

"ఎక్కడికి మేడమ్? ఇడ్లీ చెప్పాను."

"మార్చురీకి."

శోభనాద్రి ఇడ్లీ బండి వైపు చెయ్యి అడ్డంగా ఊపాడు.

ఎనిమిదీ ఇరవై అయిదు. తెల్ల గుడ్డ పాదాల దగ్గర పైకి మడిచారు.

కుడి అరికాలు. బొటనవేలి కింద, ఏటవాలుగా, వేలెడు పొడుగున ఒత్తుడు గుర్తు. రెండు గీతలు, మధ్య అరంగుళం ఎడం. చాకు పిడి వెడల్పు కూడా అరంగుళమే. డాక్టరు రిపోర్టులో ఆఖరి పేజీలో ఒక వాక్యం ఉంది: కుడి పాదం అడుగున ఒత్తుడు గుర్తు, ప్రాణాపాయం లేనిది. ఎవరూ చదవలేదు. గాయం చేతికైతే కాలు ఎవరు చూస్తారు?

అరికాలి ముద్ర తీయించింది. తొమ్మిదీ ముప్పై అయిదుకి క్లూస్ టీమ్ నుంచి ఫోన్ వచ్చింది.

"పిడి మీద సరిపోని గీతలన్నాను కదా మేడమ్. సరిపోయాయి. అవి వేలివి కాదు, కాలివి."

సంతోషం రావాలి. రాలేదు. సీఐ తర్వాత అడగబోయే ప్రశ్న ఏమిటో ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. దాని జవాబు రాజుపేట ఇంటి గుమ్మం దగ్గర ఉంటుందని కూడా. వెళ్ళి చూసింది. సిమెంటు మెట్టు అంచున పక్కపక్కనే సన్నని నల్లటి చారలు. ఇనుము రాసిన చారలు.

ఆ జవాబు చెప్పకుండా ఎలీషాని విడిపించే దారి ఉందా? జీపులో కూర్చుని అన్ని వైపుల నుంచీ ఆలోచించింది. కాలి ముద్ర ఒక్కటే చాలదు. తెగే చాకైతే మనిషి ఎందుకు జారింది అని అడుగుతారు. వేరే దారి లేదు.

పదీ అయిదు. వంటగది కడిగి ఉంది. గడప ఇవతల సీఐ. ఆయన పక్కన ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య ఎలీషా. మహాలక్ష్మి, అజీజ్ గోడ వారన. మార్తమ్మ పాపతో పీట మీద. పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినట్టు నిద్రపోతోంది.

"సార్, నిన్న మీరొక ప్రశ్న వేశారు," అంది నీలోఫర్. "చేతుల నిండా నూనె ఉన్న మనిషి పట్టుకుంటే పిడికి నూనె అంటాలి కదా అని. అంటలేదు. ఎందుకంటే చాకు ఆమె చేతిలో లేదు. ఇంకెవరి చేతిలోనూ లేదు."

"మరి?"

ఆమె నేల మీద కూర్చుంది. అలాంటిదే కొత్త చాకు, అంచు అరగదీయించి తెచ్చింది. కొసకి మైనం ముద్ద గుచ్చి ఉంది. పిడిని నేల మీద పెట్టి కుడి పాదంతో తొక్కింది. అలుగు ఏటవాలుగా లేచింది. తర్వాత గిన్నెలో వేళ్ళు ముంచి రెండు అరచేతులకీ నూనె రాసుకుంది.

"ముందు చాకు సర్దుకుంది. తర్వాత నూనె రాసుకుంది. పిడికి నూనె ఎలా అంటుతుంది?"

కంద ముక్క రెండు చేతుల్తో అలుగు మీద పెట్టి నొక్కింది. తెగలేదు. ఇంకా నొక్కింది. నడుం ఎత్తి, ఒళ్ళు బరువంతా వేసింది. కంద ఒక్కసారిగా పక్కకి జారింది. ఆమె ముందుకి తూలింది. మైనం ముద్ద ఎడమ మోచేతి మడతలో నలిగింది.

సీఐ వంగి ఆ మైనం ముద్దని చూశాడు.

"కింది నుంచి పైకి, ఒకటే పోటు," అంది నీలోఫర్ లేస్తూ. "వెనక్కి గుంజుకునేసరికి కాలు లేచింది, చాకు అవతల పడింది. ప్రాణం పోవడానికి నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుందని డాక్టరు గారు అన్నారు. తువ్వాలు భుజం మీదే ఉంది. గట్టిగా బిగించి కట్టాలని ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు. కుడి అరికాల్లో పిడి గుర్తుంది. పిడి మీద అరికాలి గీతలున్నాయి. రెండూ సరిపోయాయి. రిపోర్టు ఇదిగో."

సీఐ రిపోర్టు చదివాడు. మళ్ళీ చదివాడు. కానిస్టేబుళ్ళ వైపు చూసి కళ్ళతో సైగ చేశాడు. వాళ్ళు ఎలీషా జబ్బలు వదిలారు.

"సరే," అన్నాడు సీఐ. "ఒప్పుకుంటాను. కానీ ఒకటి. కంద తెగుంటే ఇదేదీ జరగదు. చాకు కొని రెండు వారాలే అయింది. అంతలో అంత మొద్దుగా ఎలా అయింది?"

నీలోఫర్ చేతులకున్న నూనె తుడుచుకోవడం మొదలుపెట్టింది.

"నేనేనండీ," అంది మార్తమ్మ. పీట మీంచి లేవబోయింది. "నేనే అరగదీశాను. పిల్లకి తగలకుండా."

"నిన్నటికి ముందు మీరు ఈ ఇంటికొచ్చి రెండు నెలలైందమ్మా," అంది నీలోఫర్ మెల్లగా. "చాకు కొన్నాక మీరు రాలేదు."

"వచ్చానండీ. మీకు తెలీదు."

"అమ్మా, నువ్వూరుకో," అన్నాడు ఎలీషా. "నేనేనండీ. కొన్న రోజే. మెట్టు మీద గీశాను. ఎంత గీసినా నాకు చాల్లేదు. షెడ్డుకి తీసుకెళ్ళి పాలిష్ చక్రం మీద కూడా పెడదామనుకున్నాను. పాప మళ్ళీ ముట్టుకున్నా ఏమీ కాకూడదని..."

అక్కడ ఆగాడు.

మొదట సీఐ మొహం చూశాడు. తర్వాత మహాలక్ష్మి మొహం. అజీజ్ తన చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. తల్లి పిల్ల తలలో మొహం దాచుకుంది. ఎలీషా చివరికి నేల మీదున్న కంద ముక్క చూశాడు. దాని మీద నలిగిన గాటు.

దాని మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "అజీజ్ గారూ."

"చెప్పు బాబూ."

"మా ఆవిడ ఆ చాకు మీకిచ్చుంటే ఎంతసేపు పట్టేది?"

అజీజ్ నీలోఫర్ వైపు చూశాడు. చెప్పనా వద్దా అన్నట్టు. ఆమె చూపు తిప్పుకుంది.

"చెప్పండి," అన్నాడు ఎలీషా.

"రెండు నిమిషాలు."

ఎలీషా తల ఊపాడు. ఎవరో దారి చెప్తే అర్థమైనట్టు ఊపాడు.

పదీ యాభై. ముందు గదిలో నీలోఫర్ కాగితం రాసింది. ప్రమాదవశాత్తు మరణం. కంద తరుగుతుండగా మొద్దుబారిన చాకు మీదకి జారి, ఎడమ మోచేతికి గాయమై, అధిక రక్తస్రావం వలన. భర్త సంతకం చేస్తే మధ్యాహ్నానికి శవాన్ని ఇస్తారు. సీఐ వీధిలో నిలబడి కోర్టుకి ఫోన్ చేసి ఆ కేసు ఇవాళ తేవడం లేదని చెప్తున్నాడు.

ఎలీషా కాగితం కూడబలుక్కుని చదివాడు. ఒక చోట వేలు పెట్టాడు.

"మొద్దుబారిన అని రాశారు మేడమ్. దానంతటదే బారలేదు కదా."

"చట్టానికి అంతవరకు చాలు."

"నేను చేశానని రాయండి."

"రాసినా ఏమీ మారదు ఎలీషా."

"రాయండి మేడమ్."

ఆమె కలం అతని ముందు పెట్టింది. ఆ పదం కొట్టేసి, పైన ఖాళీలో, వంకర అక్షరాలతో అతనే రాసుకున్నాడు. నేను మొద్దు చేసిన. కింద సంతకం పెట్టాడు. లేచి, చేతులు రెండూ కలిపి ముందుకి చాపాడు, బేడీలు వేయించుకునే మనిషిలాగా.

"ఇప్పుడు దీనికి ఎన్నాళ్ళు వేస్తారండీ?"

"ఏమీ వెయ్యరు. దీనికి సెక్షన్ లేదు."

"ఊరికే వదిలేస్తారా?"

ఆమె ఏదో ఒక మంచి మాట కోసం వెతికింది. నీ తప్పు కాదు అనాలనిపించింది. అది అబద్ధం. నీ తప్పే అనాలన్నా అదీ నిజం కాదు. లోపల పాప లేచింది, ఏడుపు మళ్ళీ మొదలైంది. మార్తమ్మ ఊకొడుతోంది.

"అంతే ఎలీషా. అయిపోయింది. ఇక నువ్వు ఇంటికెళ్ళొచ్చు," అంది నీలోఫర్, రోజూ స్టేషన్లో అలవాటైన మాటతో.

ఎలీషా చుట్టూ చూశాడు. తను నిలబడి ఉన్నది ఇంట్లోనే.